పద్నాలుగో ప్రశ్న

బెలుగుప్ప దాటినాక ఒక ఊరు.
పాలకేంద్రం వరండాలో మా బల్ల.
ఐసు పెట్టె, నూటా అరవై గొట్టాలు,
బెంగుళూరులో ఎవరో తెలుగు చేసి పంపిన ప్రశ్నల కట్ట.
అరగంట ముందు నుంచి ఏం తినగూడదు,
వక్కాకు ఊసేసి నోరు పుక్కిలించాల,
గొట్టంలో నల్లగీత దాకా ఉమ్మి నింపాల.

"ఇంత ఎండలో గీత దాకా యాడొస్తాదమ్మా"
అని నవ్వింది హనుమక్క.
"వానే రాలే గీత దాకా."

మనిషి గుణాలు ఉమ్మిలో ఉంటాయని చెప్పినాం.
కోపం, భయం, మొండితనం,
వాటి అక్షరాలు వెతుకుతున్నామని.
"అయితే నుదుట కాదా, నోట్లో రాసినాడా దేవుడు"
అంది హనుమక్క, మల్ల గొట్టం పట్టుకుని.

పద్నాలుగో ప్రశ్న ఇట్లుంది:
నష్టసంభావ్యత అధికంగా గల నిర్ణయాలను
మీరు ఎంత తరచుగా తీసుకుంటారు?
ఒకటి నుంచి ఐదు.

మా మాటలోకి దించి అడిగినా:
జూదమాడతావా చిన్నాయనా?

తిప్పేస్వామి లెంపలేసుకున్నాడు.
"పేకముక్క ముట్టినోణ్ణి కాదు.
మట్కా చీటీ రాసేటోడు మా ఇంట్ల పుట్టలే."
ఒకటి చుట్టూ సున్న చుట్టినా.

ఉమ్మి ఊరేదాకా మాటలు.
ఏడు బోర్లు ఏసినాడంట.
మొదటిది మూడొందల అడుగులు, ఒట్టి దుమ్ము.
మూడోదానికి పెండ్లాం కమ్మలు పోయినాయి.
ఐదోది, అరచేతిలో టెంకాయ నిక్కి నిలబడిన చోట.
ఎనిమిదొందల కాడ తడిమట్టి వస్తే
నుదుటికి రాసుకున్నాడంట.
తెల్లారేసరికి అదీ పొడి.
పద్దెనిమిదేండ్లుగా శనక్కాయే పంట,
పన్నెండేండ్లు విత్తనపు కాయలు గూడా ఇల్లు చేరలే.

"మరి ఈ ఏడు?"
"ఏసినా. ఎయ్యక?"

ఆ "ఎయ్యక?" రాసుకోవడానికి
నా కాగితంలో గడి లేదు.
ఒకటి ఒకటిగానే ఉంది.

అతని తమ్ముడు వన్నూరప్ప
ఒకే కాన్పు, ఒకే మొహం, ఎడమ కనుబొమ్మలో అదే సుడి.
తన పాలు భూమి ఎప్పుడో అమ్మేసి
గుంతకల్లులో బ్యాంకు అటెండరు.
నెల మొదటి తేదీ జీతం, రెండో తేదీ బియ్యం.
పద్నాలుగో ప్రశ్నకి సిగ్గుపడి గొంతు తగ్గించినాడు:
"నాలుగు ఏసుకోమ్మా. చిన్నప్పుడు ఒకసారి
టికెట్టు లేకుండా గుత్తి దాకా పోయినా."

నాలుగు.

ఇద్దరి ఉమ్మీ పక్కపక్క గొట్టాల్లో పెట్టినా.
కంప్యూటరు వీళ్ళలో సాహసిని పట్టుకుంటుంది,
తప్పు మనిషిని.

మృణాళిని మేడం రాత్రి చెప్పింది,
ఫలానా గుణానికి ఫలానా జన్యువని ఉండదంట.
వేల చోట్ల ఒక్కో అక్షరం తేడా,
ఒక్కోదానిది వెంట్రుకవాసి మొగ్గు.
అన్నీ కూడినా సగం లెక్క తేలదంట.
"మరి మిగతాది మేడం?"
ఆమె చెయ్యి గాల్లో అట్లా తిప్పింది.
చెయ్యి తిరిగిన దిక్కున
చీకట్లో ఎర్రచేను, మొలకెత్తని సాళ్ళు.

నాది మూడు నెలల కాంట్రాక్టు.
ఇదే ఆఖరు ఇదే ఆఖరు అంటానే
నాలుగుసార్లు పొడిగించినారు.
అనంతపురంలో రూము బాడుగ రెండు నెలలది బాకీ.
ఐదోసారి కాగితమొస్తే సంతకం పెడతా.
పెట్టక?
నన్ను పద్నాలుగో ప్రశ్న ఎవరూ అడగలే.

మూత బిగించేటప్పుడు తిప్పేస్వామి
గొట్టాన్ని ఎండకు పట్టి చూసినాడు,
విత్తనపు కాయ ఒలిచి చూసినట్టు.
"దీన్ని ఏ కార్తెలో ఏస్తారమ్మా?"

సాయంత్రం కళ్యాణదుర్గం బస్సు.
ఒళ్ళో ఐసు పెట్టె, మోకాళ్ళ మీద కారే చల్లనీళ్ళు.
కొండ వెనక నుంచి ఒక మబ్బు,
గొర్రెపిల్లంత,
లేచింది.

బస్సులో తలకాయలన్నీ ఒక్కసారే
కిటికీ దిక్కు తిరిగినాయి.
నాది గూడా.
డ్రైవరుది గూడా.